తట్టకి చెయ్యి

తట్టకి చెయ్యి వెయ్యమంటే ఫిషింగ్ హార్బర్లో పలకని మనిషుండదు. నిండు తట్టని ఎంత గట్టి మనిషైనా ఒక్కతే నెత్తికెత్తుకోలేదు. మాటల్లేని వాళ్ళయినా వచ్చి ఓ పట్టు పట్టాల్సిందే. అదీ అక్కడి మర్యాద. ఆ మర్యాద ఈశ్వరి దగ్గరికొచ్చేసరికి ఎక్కడ చచ్చిందో!

జైల్లో కుట్టుపనికి వచ్చిన కూలిడబ్బంతా పెట్టి వేలంలో తట్టెడు కవల్లు చేపలు పాడుకుంది. గోపాలపట్నం పట్టుకెళ్ళి అమ్మాలి. ఎండెక్కితే కవల్లు ఆగవు, పొట్టలు పగిలిపోతాయి. ఈ తట్ట పోతే రేపు మళ్ళీ వేలంలో నిలబడే దారి లేదు.

"ఓలె నూకాలూ, ఓ సెయ్యెయ్యవే."

నూకాలు ఒకప్పుడు ఈమెతో ఒకే ఆటోలో పోయి చేపలమ్మిన మనిషి. ఇప్పుడు కొంగు బొడ్లో దోపుకుని, "మొగుణ్ణి తోసిన సేతుల్తో పట్టిన తట్ట నాను ముట్టుకోను," అనేసి ఐసు దగ్గరికి పోయింది.

తోసింది, నిజమే. మొగుడు తాగొచ్చి పసికూతుర్ని గోడకేసి కొట్టబోతే తోసింది. వీరన్న రుబ్బురోలు మీద పడి మరి లేవలేదు. ఆ ముక్క ఈ మహాతల్లులకి తెలీదా? తెలుసు!

ఈశ్వరి మోకాళ్ళ మీద కూచుని ఒక్కతే ఎత్తబోయింది. తట్ట ఒరిగి చేపలు కొన్ని నేలపాలయ్యాయి. ఎవరో కిసుక్కున నవ్వారు.

అంతలో అందరూ పక్కకి తప్పుకున్నారు. ఎండుచేపల వరసలోంచి అత్త పోతమ్మ వస్తోంది. వీరన్న తల్లి. కోర్టు మెట్ల మీద కోడలికి శాపనార్థాలు పెట్టి, పిల్ల శ్రీసత్యని ఎత్తుకుపోయిన మనిషి. నాలుగేళ్ళుగా పిల్లని కంటికి చూపించలేదు. నన్ను కొట్టినా సరే, చేపల మీద మన్ను పొయ్యకుంటే చాలనుకుంది ఈశ్వరి.

పోతమ్మ వంగి, నేలంతా తడుముకుంటూ పడ్డ చేపలు ఏరి తట్టలో వేసింది. అంచు కింద చేతులు పెట్టింది.

"ఊఁ, ఎత్తు."

తట్ట నెత్తికెక్కింది. ఇద్దరి మొహాలూ ఎదురెదురయ్యాయి. ముసల్దాని కళ్ళకి తెల్లగా పొరలు కమ్మేశాయి.

"నా కొడుకుని నువ్వే సంపావు. అది నాను మరిసిపోను," అంది పోతమ్మ. "కవల్లు నాలుగు అమ్మకుండా ఉంచు. సత్య అవే తింతాది. ముళ్ళు తీద్దామంటే నాకు కళ్ళు ఆనవు. నిన్న ముల్లు గొంతుకడ్డం పడి గిలగిల్లాడిపోయింది. పొద్దుగూకేలోపు ఇంటికి రా."

తలూపుదామంటే నెత్తిన తట్ట.

"వత్తానత్తా," అంది ఈశ్వరి.