కాయవన్నందుకు

నేను ఒక అడవి యాపిల్ చెట్టును. మా పుట్టిల్లు మంచుకొండలు. నా కాయ రేగుపండంత ఉంటుంది. ఎర్రగా ఊరిస్తుంది, కొరికితే పులుపుకు పళ్లు జివ్వుమంటాయి. చలికి జంకను, చీడకు లొంగను. మొగ్గలో గులాబీ, విచ్చుకుంటే తెలుపు. కొమ్మ కనిపించనంతగా పూస్తాను. కానీ మనుషులు దేనికైనా నాలుకతోనే విలువ కడతారు. అందుకే నన్ను మెచ్చినవాళ్లు తక్కువ.

విశాఖ మన్యానికి నన్ను తెచ్చినవాడు బొంజయ్య. మంచి యాపిల్ మొక్కలతో పాటు తెచ్చి, తోట నడుమ నాటాడు.

"దీని పుప్పొడి తేనెటీగలు మోస్తేనే మిగతావి కాస్తాయే," అని భార్య కాసులమ్మకు చెప్పాడు. ఆమె నా కాయలతో పచ్చడి నూరి ఊరంతా పంచేది. తోట బాగా కాసింది. అంతలో బొంజయ్య జ్వరంతో పోయాడు.

తోటలో సగం కాసులమ్మది, సగం ఆమె మరిది పోతురాజుది. ఒకనాడు అతను గొడ్డలి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఈ పుల్లకాయలు సంతలో ఎవుడూ ముట్టడు. దీని సోట మంచి మొక్క ఏస్తాను."

కాసులమ్మ పరుగున వచ్చి అడ్డం నిలబడింది. "కొట్టకు మరిదీ! ఇది పోతే మన సెట్లు కాయవు. మీ అన్న సెప్పేవోడు."

అతను ఆమెను పక్కకు నెట్టి నన్ను మొదలంటా నరికాడు.

మరుసటేడు తోట నిండా పూత వచ్చింది. తేనెటీగలూ వచ్చాయి. ఒక్క పిందె నిలవలేదు. ఆ పై ఏడూ అంతే. పోతురాజు ఊరివాళ్లను కాసులమ్మ గుమ్మం ముందు పోగేశాడు.

"కాయవని ఆ దినమే ఇది తన నోటితో అంది! చిల్లంగి, సేతబడి గాక ఇదేటి?"

"సెట్టు సంగతి సెప్పానయ్యా, శాపం పెట్టలేదు," అని ఆమె మొత్తుకుంది.

ఆమె చేతి పచ్చడి తిన్నవాళ్లే రాళ్లు పట్టుకుని నిలబడ్డారు. కాసులమ్మ బట్టల మూటతో కొండ దిగిపోయింది. వెళుతూ నా మొద్దు దగ్గర ఆగింది, ఏమీ అనలేదు. ఏ మాట అంటే ఏమవుతుందోనని భయపడి ఉంటుంది.

తోటలో ఆమె సగం పోతురాజు సగంలో కలిసిపోయింది. వేస్తానన్న మంచి మొక్క అతను వేయనేలేదు. అక్కడ తుప్పలు పెరిగాయి. వాటి చాటున నా వేళ్ల నుంచి పిలకలు లేచి, కొన్నేళ్లకు పూతకొచ్చాయి. తేనెటీగలు నన్ను వెతుక్కుని వచ్చాయి. ఆ ఏడు తోట విరగకాసింది.

పోతురాజు ఊరందరినీ పిలిచి పళ్లు పంచాడు.

"సూసారా? అది పోయింది, తోట కాసింది."

అందరూ పళ్లు కొరుకుతూ తలలూపారు.

పూయకుండా ఉండడం నాకు చేతకాదు. నేను పూసిన ప్రతి ఏడూ ఆమె మీద నింద గట్టిపడుతోంది.