టవర్‌కి అడ్డు నిలబడినవాడు

కరోనాతో యూనివర్సిటీ హాస్టల్ మూసేశాక ఇతిశ్రీ, మనోరంజన్ బరంపురం నుంచి సొంత ఊరికి వచ్చేశారు. ఇద్దరిదీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఒకే క్లాసు. ఊరవతలి సెల్ టవర్ నుంచి సిగ్నల్ సరిగ్గా అందేది బడి డాబా మీదే. పొద్దున్నే అక్కడికెక్కి, ఎండకు నెత్తిన తువ్వాలు కప్పుకుని, ఫోన్లలో క్లాసులు వినేవారు.

ఇతిశ్రీకి ఆ చదువంటే ఒళ్లుమంట. "యాసిడ్ వాసన తగలకుండా కెమిస్ట్రీ ఏంట్రా? ఫోన్లో పఖాళ చద్దన్నం చూపిస్తే కడుపు నిండుతుందా?" అనేది.

"నా... నాకైతే నిండుతోంది" అని నవ్వేవాడు మనోరంజన్.

వాడికి నత్తి. తరగతిలో లేచి నిలబడితే మొదటి మాట బయటికి రాకముందే వెనక బెంచీలు పగలబడి నవ్వేవి. ఇప్పుడు జవాబు టైపు చేస్తే చాలు. ఏనాడూ నోరు విప్పనివాణ్ణి సార్లు పేరు పెట్టి మరీ మెచ్చుకుంటున్నారు.

ఆ వేసవిలో జ్వరం ఊళ్లోకీ వచ్చింది. పిల్లలంతా కాకా అని పిలిచే ఇతిశ్రీ చిన్నాన్న ప్రఫుల్ల భార్య ఊపిరాడక చనిపోయింది. సెల్ టవరే మనుషుల్ని చంపుతోందని అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. భార్య కర్మ ముగిసిన మర్నాడు ప్రఫుల్ల గునపం పట్టుకుని బయల్దేరాడు. వెనక మగాళ్లు గొడ్డళ్లతో, డీజిల్ డబ్బాలతో.

డాబా మీద క్లాసు నడుస్తోంది. గుంపును చూడగానే మనోరంజన్ ఫోన్ వదిలేసి పరిగెత్తాడు. ఇతిశ్రీ వాడి వెనకే దిగింది.

టవర్ గేటుకి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు వాడు. "కా... కాకా, ఇది... కా... కా..."

"ఏంట్రా నత్తోడా, కాకిలా ఆ అరుపులేంటి?" అన్నారెవరో. గుంపు గొల్లున నవ్వింది.

ప్రఫుల్ల నవ్వలేదు. "నీ క్లాసు కోసం మా ఆడవాళ్లు చావాలా?" అంటూ గునపం ఎత్తి కొట్టాడు.

మనోరంజన్ కణత ఎముక విరిగిన చప్పుడు ఇతిశ్రీకి వినిపించింది. చేతికందిన రాయి తీసి చిన్నాన్న మొహాన విసిరింది. ఆయన పళ్లు రాలి నెత్తురు కారింది. ఎవరో ఆమె జడ పట్టి ఈడ్చి కడుపులో తన్నారు. ఈలోగా మరొకరు డీజిల్ గుమ్మరించి నిప్పంటించారు. జనరేటర్ పెద్ద చప్పుడుతో పేలింది.

నేలమీద మనోరంజన్ కాళ్లు కొట్టుకుంటున్నాయి. అది చూసేసరికి ప్రఫుల్ల చేతిలోని గునపం జారిపోయింది. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండ్రా!" అని గావుకేక పెట్టాడు. అందరూ ఫోన్లు తీశారు. ఒక్కదానికీ సిగ్నల్ లేదు.

ట్రాక్టర్ మీద తీసుకెళ్లారు. ప్రఫుల్ల ఒళ్లోనే, టౌను చేరకముందే వాడి ప్రాణం పోయింది.

సాయంత్రం పోలీసులొచ్చారు. ఇనుప కడ్డీ మీద పడి చనిపోయాడని ఊరంతా ఒకే మాట చెప్పింది. ఇతిశ్రీ తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి బతిమాలాడు. "వాడు నా తమ్ముడమ్మా. తల్లిలేని పిల్లలిద్దరు ఉన్నారు."

ఆమె చెయ్యి విడిపించుకుంది. "కొట్టింది మా కాకా. గునపంతో" అంది ఎస్సైతో.

గోడకి చేరగిలబడి కూర్చున్న ప్రఫుల్ల లేచి పోలీసు జీపెక్కాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఇతిశ్రీతో మాట్లాడలేదు. ప్రఫుల్ల పిల్లలిద్దరికీ అన్నం కలిపి పెట్టేది మాత్రం ఆమే.