పొడుగు పిల్ల

వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటే మా మనవరాలు తేజశ్రీ వచ్చి గోడకి వీపు ఆనించి నిలబడింది.

"నాయనమ్మా, లేచి నా నెత్తిన ఈ స్కేలు అడ్డం పెట్టు."

"చేతులకి కారం ఉందే. కళ్ళల్లో పడుద్ది."

"పెట్టేది నెత్తిన గదా. లే."

లేచి పెట్టాను. అది స్కేలు కిందనుంచి జారి బయటికొచ్చి, గోడమీద పెన్సిలు గీత గీసి, టేపుతో కొలుచుకుంది. మిలిటరీ పోలీసులో చేరే ఆడపిల్లకి నూట అరవై రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉండాలంట. దాని గీత ఆ పైనే ఉంది.

"నీ పొడుగే వచ్చింది నాయనమ్మా. నాన్న పొడుగు వచ్చుంటే రాతపరీక్ష పాసై కూడా గేటు దగ్గరనుంచే తిరిగొచ్చేదాన్ని" అని నవ్వింది.

నేనూ నవ్వాల్సింది. నవ్వలేదు. మళ్ళీ కూర్చుని కాయలు ముందుకు లాక్కున్నాను. లోపల ఏదో మండుతోంది. అది కారం మంట కాదని తెలుస్తూనే ఉంది గానీ, పేరు పెట్టడానికి కాసేపు పట్టింది. ఈ వయసులో, ఎత్తుకుని పెంచిన పిల్ల మీద, నాకు అసూయ పుట్టింది.

నా పొడుగు నాకు ఏనాడూ అక్కరకు రాలేదు. పెళ్ళిచూపులకి వచ్చిన మా అత్తగారు నన్ను నిలబెట్టి చూసింది, నడిపించి చూసింది, సవరమేమోనని జడ లాగి చూసింది. "పిల్ల పర్లేదు గానీ తాటిచెట్టు" అంది. మా ఆయన బుల్లయ్య నా చెవి దాకా వచ్చేవాడు. పెళ్ళి ఫొటోలో మాత్రం ఆయనే ఎత్తుగా కనపడతాడు. "మోకాళ్ళు వంచమ్మా, చీర కుచ్చిళ్ళు కప్పేస్తయిలే" అన్నాడు ఫొటో తీసేవాడు. వంచాను. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే వంచుకుంటూ వచ్చాను. బజారులో "నా పక్కన నడవమాకు, ఎనకమాల రా" అనేవాడు ఆయన. పత్తి తీతకి వంగాను, మిరప కోతకి వంగాను, పొయ్యి ముందు వంగాను. నలుగురు పిల్లల్ని కని లేచేసరికి వీపు దానంతటదే వంగి ఉండిపోయింది. ఒకరోజు ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు సరిపోయావే" అన్నాడు, ముద్దుగానే. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

నేను బడికి పోలేదు. పురుగుమందు డబ్బాల మీద, విత్తనాల సంచుల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు పేపరు వస్తే ప్రకటనలతో సహా వదలను. మిలిటరీలోకి ఎట్లాంటి వాళ్ళని తీసుకుంటారో పేపర్లో పడితే, తేజశ్రీకి చదివి వినిపించింది నేనే. మైలు దూరం ఏడున్నర నిమిషాల్లో పరుగెత్తాలి. పది అడుగులు దూకాలి. అరికాలు చదునుగా ఉండకూడదు. నిలబడితే మోకాళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. పెళ్ళి కాకూడదు, కాలేదని ఊరి సర్పంచి రాసివ్వాలి. అది వింటూనే కాళ్ళు తడుపుకుని గచ్చు మీద నడిచి, పాదం మధ్య గుంట పడిందో లేదో అచ్చు చూసుకుంది. పాదాలు కలిపి నిలబడి అడిగింది.

"చూడు నాయనమ్మా, మోకాళ్ళు తగులుతున్నయ్యా?"

తగలడం లేదు. రెండు కాళ్ళూ నిలబెట్టిన కొత్త రాటల్లా ఉన్నాయి. 'కొంచెం రాసుకుంటున్నయ్యే' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో దాని మొహం ఎట్లా మాడిపోతుందో కూడా కళ్ళకు కట్టింది. మింగేసి, "లేదులే" అన్నాను. నన్నూ ఇట్లాగే అడుగడుగూ కొలిచారు. అయితే నా కాళ్ళు ఎంత దూరం పోగలవో ఎవరూ అడగలేదు. ఎంతసేపు నిలబడి వండగలవో చూసుకున్నారు.

దాన్ని చూసి కుళ్ళుకోవడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేకపోయింది. పొద్దున్నే వాళ్ళమ్మ నాగజ్యోతి దాని పళ్ళెంలో ఉడకబెట్టిన గుడ్లు పెడుతుంది. మా ఇంట్లో గుడ్డు మగాడిది. నేను పెంకు వలిచేదాన్ని. కాలవకట్ట మీద పరుగెత్తి వచ్చి, "అలిసిపోయానమ్మా" అని పట్టపగలు మంచం మీద వాలిపోతుంది. ఆ మాట పైకి అనొచ్చని నాకెవరూ చెప్పలేదు. ఒంటరిగా పంపరు కాబట్టి దానికి తోడు నేనే పోయి కల్వర్టు మీద కూర్చుంటాను. బూట్లు తపతపమని కొడుతుంటే, జడ వీపు మీద ఎగురుతుంటే, పత్తిచేల మధ్య నుంచి అది దూరమై, చుక్కై, మళ్ళీ మనిషై వస్తుంది. నేను జీవితంలో పరుగెత్తింది ఒక్కసారే. వానొస్తే ఆరబోసిన కాయల మీద పట్ట కప్పడానికి. "ఏందా దూకుడు, ఆడదానివి కావా" అన్నాడు బుల్లయ్య. కాయలు తడవలేదు మరి.

అసూయ ఒకటే అయితే బతికిపోయేదాన్ని. భయం కూడా ఉంది. పోయేవాళ్ళ వీపులు నాకు బాగా గుర్తుంటాయి. నన్ను అత్తారింట్లో దింపి వెనక్కి చూడకుండా బండెక్కిన మా అమ్మ వీపు. పెద్దపిల్ల ఒంగోలు బస్సులో కాపురానికి పోతుంటే కిటికీలోంచి కనపడిన సగం వీపు. అది పురిటికి వస్తానంది, రాలేదు. దాని చావు కబురు వచ్చింది. ఇప్పుడు ఇదీ పోతుంది. పోయి ఎక్కడో మంచులో నిలబడుతుంది. నాకు ఫోన్ మోగినప్పుడల్లా గుండె ఆగుతుంది. దీన్ని ఆపితే బాగుండునని నేను అనుకోలేదని చెప్పను.

ఆపే పని నా కొడుకు కోటేష్ చేశాడు.

"చీరాల దగ్గర సంబంధం వచ్చింది. పొగాకు కాల్చే బ్యారన్లు ఉన్నయ్. కట్నం ఊసే ఎత్తలేదు" అన్నాడు అన్నం తింటూ. "శుక్రవారం తాంబూలాలు, వారంలో పెళ్ళి. ఆ తర్వాత మూఢం, మూడు నెలలు ముహూర్తాలు లేవు."

"వచ్చే నెల పరుగు పరీక్ష నాన్నా" అంది తేజశ్రీ.

"పెళ్ళయితే తీసుకోరు గదా. ఇంక పరుగెందుకు?"

అంత తేలిగ్గా అన్నాడు. అది కంచం ముందు నుంచి లేచిపోయింది. నేను అడిగాను, "అది ఒప్పుకుందా?" అని.

"నువ్వు ఒప్పుకునే చేసుకున్నావా? నిన్నేమన్నా కొట్టారా, చంపారా? పేపర్లు చదివి చదివి దాన్ని చెడగొట్టింది నువ్వే. నువ్వే చెప్పు దానికి."

చెప్పడానికే పోయాను. అది మంచం మీద బోర్లా పడుకుని ఉంది. ఏడవడం లేదు. "నువ్వు నాన్నతో మాట్లాడు నాయనమ్మా. అమ్మ నోరెత్తదు" అంది. నేను దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఇక ఇది ఎక్కడికీ పోదు. చీరాల ఎంత దూరం, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. ఇదీ ఎవరి పక్కనో వెనకమాల నడుస్తుంది. ఆ ఆలోచనకి నా ప్రాణం చల్లబడింది. చల్లబడినందుకు నన్ను చూసి నాకే రోత పుట్టింది.

కోటేష్‌తో మాట్లాడాను. నా మాట పూర్తి కాకముందే మోటారు వెయ్యాలని లేచిపోయాడు.

గురువారం సాయంత్రం నాగజ్యోతి నా దగ్గరికొచ్చి, పక్కచూపులు చూస్తూ అంది.

"అత్తయ్యా, రేపు వాళ్ళు కారు దిగేటప్పుడు మీరు కాస్త లోపల గదిలో ఉండండి. ఏమనుకోమాకండి. వాళ్ళకి పట్టింపులు జాస్తంట. ఆ అబ్బాయి మేనత్త శకునం చూడందే గడప దాటదంట. భోజనాలప్పుడు పిలుస్తాను."

"ఏమనుకుంటానమ్మా" అన్నాను.

బుల్లయ్య పోయాక ఇది నాకు అలవాటే. ప్రతి శుభకార్యానికీ పిండివంటలన్నీ నా చేత చేయించుకుని, ఆ పూటకి నన్ను గదిలో పెడతారు. మొగుడు పోయినదాన్ని ఎదురుగా చూస్తే చేసే పని చెడుతుందంట. గదిలో కూర్చుని సన్నాయి విని ఊరుకునేదాన్ని. నాకంత బలం ఉందని వాళ్ళే నమ్ముతుంటే, దాన్ని నేనెప్పుడూ వాడలేదని ఆ రాత్రే తట్టింది.

శుక్రవారం పొద్దున అరిసెలు వండి, స్నానం చేసి, అందరూ నేను గదిలో ఉన్నాననుకుంటుండగా దొడ్డి తలుపు తీసుకుని నడిచాను. ఖాళీ బిందె చంకన పెట్టుకున్నాను. ఊళ్ళోకి దారి మలుపు తిరిగేచోట, తెల్ల కారుకి సరిగ్గా ఎదురు నిలబడ్డాను. హారన్ కొట్టారు. కదల్లేదు. వెనక సీటులోంచి పట్టుచీరలో ఉన్న మేనత్త తల బయటికి పెట్టింది.

"ఏంది పెద్దమ్మా, చూసుకుని రావద్దా? శుభమా అని పోతుంటే."

"మా ఇంటికేనమ్మా మీరొచ్చేది. పెళ్ళికూతురి నాయనమ్మని. మిమ్మల్ని చూసి పోదామని వచ్చా."

ఆమె మొహం వాడిపోయింది. నా నుదురు చూసింది, బిందె చూసింది. లోపల గుసగుసలు మొదలయ్యాయి. కాసేపు ఆగి మళ్ళీ బయలుదేరదామన్నారెవరో మగవాళ్ళు. "ఇంట్లో పెద్దదే ఎదురొచ్చాక ఇంకేం తాంబూలాలు? మూఢం ఎళ్ళాక చూద్దాం, తిప్పు" అందామె. కారు వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. కోటేష్ వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"కావాలనే పోయావా అమ్మా?"

"కావాలనే."

వాడింకా ఏదేదో అన్నాడు. పరువన్నాడు, మతిపోయిందన్నాడు. నాగజ్యోతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, నా వంక కోపంగా చూడలేదు. నేను బిందె అరుగు మీద పెట్టి కూర్చున్నాను. పట్టుపావడా మీదనే తేజశ్రీ వచ్చి నా పక్కన కూలబడింది.

"నా కోసం అన్ని మాటలు పడ్డావా నాయనమ్మా?"

ఔననొచ్చు. అది నమ్ముతుంది కూడా.

"నీ కోసం కాదే" అన్నాను. "నువ్వు కూడా నాలాగే అయిపోతే, నేనింక ఎవర్ని చూసి కుళ్ళుకోవాలి?"