రెండువందల పదకొండో పేజీ

ఉడుకుతున్న మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేసి, కర్రతో నాలుగు తిప్పులు తిప్పి, గుర్నాథం గిన్నె దించాడు. తుత్తం పడకపోతే ఏడాది తిరక్కుండా పుస్తకాన్ని పురుగు తొలిచేస్తుంది. ఇరవయ్యారేళ్ళు ఆ జిగురులో వేళ్ళు ముంచీ ముంచీ ఆయన కుడిచేతి గోళ్ళు నీలమెక్కిపోయాయి. తిరుత్తణిలో పెళ్ళిళ్ళకు వెళితే పంక్తిలో పక్కవాళ్ళు ఆ చెయ్యి చూసి కాస్త జరిగి కూర్చునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

చెంగల్వరాయ ప్రచురణాలయం అంటే ఆ రోజుల్లో చిన్న పేరు కాదు. బడి పుస్తకాలు, పురాణాలు, పంచాంగాలు, వంటల పుస్తకాలు, తెలుగులోనూ అరవంలోనూ ఏది కావాలన్నా వాళ్ళదే. ఆఫీసు మదరాసులో, చల్లని గదుల్లో. చాకిరీ మాత్రం తిరువళ్ళూరులో, రైలుకట్ట పక్కన రేకుల షెడ్డులో. గుర్నాథం ఆ షెడ్డులో బైండరు. పొద్దున్నే తిరుత్తణిలో పాసింజరు ఎక్కడం, ఎనిమిదికల్లా బల్ల ముందు కూర్చోవడం, సాయంత్రం అదే రైల్లో వెనక్కి పోవడం. ఇంతే ఆయన బతుకు. లక్షల పుస్తకాలు ఆ చేతుల మీదుగా పోయాయి. ఒక్కదాంట్లోనైనా ఆయన పేరుందా? ఎందుకుంటుంది!

అయితే ఆ ఏడు, అంటే ఎనభై రెండులో, సంస్థకు యాభయ్యేళ్ళు నిండాయి. స్వర్ణోత్సవ సంచిక వేస్తున్నామని, పాతికేళ్ళు దాటిన పనివాళ్ళందరి పేర్లూ అందులో అచ్చవుతాయని, తలా ఒక ప్రతి ఇస్తారని మేనేజరు ధర్మలింగం నెలకిందటే షెడ్డులో చదివి వినిపించాడు. నలభై ఒక్క పేర్లు, రెండు నిలువు వరసల్లో. ఎడమ వరసలో తొమ్మిదోది గుర్నాథానిది. ఆ పేర్లున్న అచ్చు కాగితం మడతకొచ్చిన రోజున ఆయన చెయ్యి లుంగీకి రెండుసార్లు తుడుచుకుని గానీ కాగితం ముట్టలేదు.

భార్య వల్లియమ్మకు చదువు రాదు. పుస్తకం ఇంటికొచ్చేసరికి మొగుడి పేరైనా తనంతట తాను గుర్తుపట్టాలని ఆమెకు పట్టుదల. నెల రోజులు పలక మీద ఆయన రాసిచ్చింది దిద్దింది. ఇడ్లీలమ్మే ఆమెకూ, పూలామెకూ, వెంగల్ ఊళ్ళో ఉన్న ఆడబిడ్డకూ కబురు పోయింది. ఈ పొద్దు బయలుదేరేటప్పుడు ఉతికిన పసుపు సంచి చేతికిచ్చింది.

"ఉత్త చేతుల్తో తేబాకయ్యా. దీంట్లో పెట్టుకోని రా. సామి కాడ పీట కడిగి పెడ్తా" అంది.

"పుస్తకమేమ్మే, బిడ్డ కాదు" అని నవ్వాడు గుర్నాథం. నవ్వాడే గానీ సంచిని మడతపెట్టి గుండెజేబులోనే పెట్టుకున్నాడు.

పదింటికి ధర్మలింగం ఒక కాగితాల కట్ట మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. పైకాగితం మీద రంగుల ఫోటో. మూడు చక్రాల సైకిలెక్కిన పిల్లవాడు, మెడలో పులిగోరు. యజమాని జనార్ధనం శెట్టి మనవడు.

"గుర్నాథం, ఒక చిన్న వేలై, అర్జెంటు పని ఉండాది. రెండునూర్ల పదకొండో పేజీ కోసేసి ఇది అతికించల్ల. నాలుగింటికి లారీ."

గుర్నాథం ఫోటో వైపు చూశాడు, ధర్మలింగం వైపు చూశాడు. "అది మా పేర్లుండే పేజీ గదా సార్" అన్నాడు.

"తెలుసప్పా. మనవడి ఫోటో మరిచిపోయినారని ముదలాళి శెట్టిగారి కోడలు అలిగి కూచుందంట. పుస్తకాలు కుట్టేసినాము. కొత్త పేజీ చేరిస్తే నంబర్లన్నీ మారిపోతాయి, విషయసూచిక ముందే అచ్చయిపోయినాది. ఏదో ఒకటి పోవల్ల గదా, ఆ పేజీకి ఎనక పక్క ఖాళీనే. నీ చెయ్యి పడితే కోసిన గుర్తే తెలీదు, అందుకే నీకు చెప్తా ఉండా."

మెచ్చుకోలు కూడా అయింది, చూశారా! ఆ చెయ్యి మంచిది గనుక ఆ చేతి మీదే పెట్టాడు కత్తి.

"ఒక్కటి కోయకుండా ఇడస్తారా సార్? ఇంట్లో చూపించి రేపు తెల్లారి తెచ్చేస్తా. మీ ముందరే కోసిస్తా" అన్నాడు గుర్నాథం.

"ఒక్కటి బయట పడితే నా ఉద్యోగం పోతాది. ఆరునూర్ల పుస్తకాలూ ఒకే మాదిరి ఉండల్ల. ఇంగో మాట, పనోళ్ళకు ప్రతుల్లేవు. మదరాసు సభకొచ్చే పెద్దోళ్ళకే చాలవంట."

లేచి పోవచ్చు కదా, ఆ కత్తి వాడి మొహాన పారేసి? ఎవరైనా అంటారు. యాభయ్యేడేళ్ళ వయసులో, నీలం గోళ్ళేసుకుని, ఎక్కడికి పోతాడు? గుర్నాథం కత్తిని రాతి మీద రెండుసార్లు నూరాడు. మొదటి పుస్తకం తెరిచి, మడతకు వేపపుల్లంత అంచు వదిలి, ఇనుప బద్ద ఆనించి కోశాడు. పేజీ చప్పుడు లేకుండా చేతిలోకొచ్చింది. రెండోదాన్ని కోసేముందు ఒకసారి చదివాడు. పదోదాన్ని చదవలేదు. ఇరవయ్యారేళ్ళ అలవాటు, దానికి సిగ్గూ శరం ఉండవు.

పక్క బల్ల మీద ధనమ్మ ఫోటో కాగితాల అంచుకు జిగురు పూసి ఆ మిగిలిన అంచుకు అతికిస్తోంది. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె పేరూ ఉంది ఆ పేజీలో, కుడి వరసలో.

"అన్నా, మనల్ని మనమే కోసుకుంటా ఉండామే" అంది.

"జిగురు పలచగా పూయి ధనమ్మా. ఎక్కువైతే ఆ బిడ్డ మొగం మీద ముడత పడ్తాది" అన్నాడు గుర్నాథం.

అన్నాక తనకే అసహ్యమేసింది. అయినా ముడత పడిన రెండు పుస్తకాలు వెనక్కి తీసుకుని, తడిగుడ్డతో ఊడదీసి, మళ్ళీ సాపుగా అతికించి ఇచ్చాడు. మధ్యాహ్నానికి ఎడమ భుజం లాగడం మొదలుపెట్టింది. గోలీసోడా తాగి వచ్చి కూర్చున్నాడు.

కోసిన పేజీలు మోకాలెత్తు పోగయ్యాయి. ఒక్కటి జేబులో పెట్టుకుంటే ఎవరు చూడొచ్చారని మీరనొచ్చు. ధర్మలింగం మొదట్లోనే లెక్క కావాలని చెప్పి, పోగు పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు. రెండింటికి ఇంకో మాట సెలవిచ్చాడు.

"పుస్తకాల వీపుకు కాగితం అతికించల్ల గదా? కొత్త కాగితం ఎందుకు దండగ? ఇవే చింపి అతికించేయండి. యాడా మిగలగూడదు."

బైండింగులో అది మామూలే. కుట్టిన పుస్తకం వీపుకు పాత కాగితాల పేలికలు అతికించి, దాని మీద గుడ్డ, గుడ్డ మీద అట్ట. అట్ట పడ్డాక లోపలేముందో దేవుడికి కూడా తెలియదు. పేజీని నిలువుగా చింపితే ఒక్కో వరస ఒక్కో పేలిక. ముందు కుడి వరస, దాని మీద ఎడమ వరస. గుర్నాథం ఒక్కో వీపుకు జిగురు రాసి, పేలిక సరిగ్గా నిలబెట్టి, ఎముక బద్దతో పైనుంచి కిందికి రుద్దాడు. తొమ్మిదో పేరు మీద బద్ద ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేది. మళ్ళీ రుద్దేవాడు, గాలిబుడగ మిగలకుండా. ఆరువందలసార్లు.

మిగతావాళ్ళు గుడ్డా అట్టా వేసిన పుస్తకాలతో నాలుగుంబావుకు లారీ వెళ్ళిపోయింది. గుర్నాథం చేతులు కడుక్కుని రైలెక్కాడు. కిటికీ పక్కన చోటు దొరికింది. పసుపు సంచి జేబులోంచి తీసి ఒళ్ళో పరుచుకుని చూస్తూ కూర్చున్నాడు. వల్లికి ఏం చెప్పాలి? పలక తుడిచేయమని చెప్పాలా? అరక్కోణం దాకా అదే ఆలోచన. అరక్కోణం దాటాక తల కిటికీకి ఆనించుకున్నాడు. తిరుత్తణి వచ్చింది, జనం దిగారు, గుర్నాథం దిగలేదు. పుత్తూరులో టికెట్టు కలెక్టరు భుజం తట్టాడు. సంచి కింద పడింది, మనిషి లేవలేదు.

ఆ సాయంకాలం వల్లియమ్మ పీట కడిగి, దీపం పెట్టి, ఇడ్లీలామెనూ పూలామెనూ అరుగు మీద కూర్చోబెట్టుకుని ఎదురుచూసింది.

పదకొండో రోజున ధర్మలింగం వచ్చాడు. మదరాసు సభకు రాని పెద్దమనిషి ఎవరిదో ఒక ప్రతి మిగిలిందట. పాపం పోనీ అని తెచ్చాడు. వల్లియమ్మ చేతులు కడుక్కొచ్చి, ఆయనతో పాటు తిరిగొచ్చిన పసుపు సంచి పరిచి, దాని మీద పెట్టించుకుంది.

"ఆయప్ప పేరు యాడుండాది సార్? నాకు ఆ అచ్చరాలు తెలుసు" అంది.

ధర్మలింగం గడియారం చూసుకున్నాడు. రైలుకు ఇంకా అరగంట ఉంది. "లోపలే ఉండాదమ్మా. నిదానంగా చూసుకో" అని చెప్పి వెళ్ళిపోయాడు.

వాడు చెప్పింది అబద్ధం. అబద్ధమనుకునే చెప్పాడు.

ఆ రాత్రి నుంచీ వల్లియమ్మ పలక పక్కన పెట్టుకుని, రోజుకు నాలుగు పేజీలు వేలు పెట్టి వెతికింది. రెండువందల పదకొండు దగ్గర సైకిలెక్కిన పిల్లవాణ్ణి చూసి, ముద్దొచ్చి, బుగ్గ తడిమి పేజీ తిప్పింది. చివరిదాకా పోయింది. పేరు కనబడలేదు. తన కళ్ళే దాటించాయనుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మూడో తిరుగుడికి పేజీల మూలలు మెత్తబడి నల్లబడ్డాయి, అట్ట అంచుల్లో పోగులు లేచాయి. గుర్నాథం అతికించిన వీపు మాత్రం ఒక్కచోట కూడా విడలేదు.