గళ్ళలో లేని గొంతు

జలుబు తగ్గిందని సంతోషపడిన మర్నాడే ఆమె గొంతు పోయింది. పొద్దున లేచి, వంటింట్లో ఉన్న భర్తను పిలవబోతే నోట్లోంచి గాలి వచ్చింది తప్ప మాట రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి గాలి కూడా సరిగా రాలేదు. ముందు ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకీ చప్పుడు లేకపోయేసరికి భయమేసింది.

ఆమెది నీటి సరఫరా సంస్థలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. కుళాయి రాకపోయినా, మురికి నీళ్ళు వచ్చినా, రోడ్డు మధ్యలో పైపు పగిలినా జనం ఫోన్ చేసేది ఆమె కూర్చునే హాలుకే. హెడ్‌సెట్ తగిలించుకుంటే సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉండాలి. పళ్ళు నూరుతూ ఫోన్ చేసినవాళ్ళు కూడా ఆమెతో రెండు మాటలు మాట్లాడేసరికి చల్లబడేవారు. కొత్తగా చేరినవాళ్ళను కొన్నాళ్ళు ఆమె పక్కనే కూర్చోబెట్టేవారు, విని నేర్చుకుంటారని.

భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. మాటలు తక్కువ. ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆమే మాట్లాడేది. ఆ పొద్దున ఆమె బదులు తాను ఆఫీసుకు ఫోన్ చేయాల్సి వచ్చేసరికి, అవతలివాళ్ళకి కనిపిస్తాడన్నట్టు చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు.

"మా ఆవిడకి ఒంట్లో బాగోలేదండి. ఇవాళ పనికి రాలేకపోతోంది పాపం."

"ఆవిడతో మాట్లాడించండి," అంది సెలవుల విభాగంలో ఉన్న అమ్మాయి.

"గొంతు పోయిందండి. మాట రావట్లేదు."

"అర్థమైందండి. కానీ సెలవు సంగతి ఉద్యోగి స్వయంగా చెప్పాలి. ఇంట్లోవాళ్ళు చెప్తే ఎక్కించడానికి లేదు."

అతను భార్య వైపు చూసి, ఏం చేయాలో తోచక, ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె ఉన్న ఓపికంతా కూడదీసుకుని ఏదో అనబోయింది.

"నాకేం వినపడలేదండి."

"అదేనండి జబ్బు."

ఆ అమ్మాయికీ నవ్వు వచ్చిందేమో తెలీదు. "అయితే మెడికల్ సర్టిఫికెట్ తెమ్మనండి. లేకపోతే చెప్పకుండా మానేసినట్టు పడుతుంది," అని పెట్టేసింది.

వీధి చివర గొంతు డాక్టరు ఉంది. పెద్దావిడ. ముక్కులోంచి సన్నటి గొట్టం లోపలికి పంపి, పక్కనున్న తెర మీద చూపించింది. "ఇవిగో, మాట పలికేది ఇక్కడే. ఈ రెండూ తెల్లగా, సన్నగా ఉండాలి. నీవి చూడు, ఎర్రగా ఉబ్బిపోయాయి. రోజంతా మాట్లాడే పనా?"

ఆమె తలూపింది.

"పది రోజులు ఒక్క మాట కూడా వద్దు. గుసగుసలు అసలే వద్దు. గుసగుసలాడితే ఇంకా ఒరుసుకుపోతుంది. మొండికేశావంటే ఎప్పటికీ ఇలాగే ఉండిపోతావు." అంటూనే చీటీ రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చింది.

ఆ చీటీని ఫోటో తీసి టీమ్ లీడరుకు పంపి ఆమె ఊపిరి పీల్చుకుంది. లీడరు ఆమెకంటే చిన్నవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పక్కనే కూర్చుని పని నేర్చుకున్నాడు. పదోన్నతి వచ్చినా అక్కా అనే పిలుస్తాడు. సాయంత్రానికి అతని దగ్గర్నుంచి జవాబు వచ్చింది: "అక్కా, చీటీ పైకి పంపాను. బయటి డాక్టరుది చెల్లదంటున్నారు. కంపెనీ డాక్టరు చూడాలట. ఏమనుకోకు, రేపొకసారి వచ్చి చూపించుకో."

మర్నాడు ఆఫీసు భవనం కింది అంతస్తులో, డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుంది. అక్కడున్నవాళ్ళలో ఒక్కరూ మంచం దిగి రావలసిన వాళ్ళు కారు. ఒకామె శాలువా కప్పుకుని, గోడకు తల ఆనించి, కళ్ళు మూసుకుని వణుకుతోంది. ఒకాయన కాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చాడు. ఇంకొకాయన కడుపు పట్టుకుని మాటిమాటికీ లేచి బయటికి పరుగెత్తుతున్నాడు, తిరిగొచ్చేసరికి తన వంతు దాటిపోతుందేమోనని పక్కవాళ్ళను బతిమాలుకుంటున్నాడు. జబ్బు ఉందని చూపించుకోవడానికి ముందు జబ్బును లెక్కచేయకుండా రాగలగాలి అనిపించింది ఆమెకి. రాగలిగితే మరి జబ్బేముంది అంటారు. ఈ మెలిక ఎక్కడ విప్పాలో ఆమెకు అంతుపట్టలేదు.

డాక్టరు ముందు అచ్చు కాగితం ఉంది. దాని నిండా చిన్న చిన్న గళ్ళు. ఆయన తలెత్తకుండానే అడగడం మొదలుపెట్టాడు.

"జ్వరం?"

ఆమె అడ్డంగా తలూపింది. చప్పుడు లేకపోయేసరికి ఆయన తలెత్తి చూశాడు. ఆమె చీటీ ముందు పెట్టింది. ఆయన చదివి పక్కన పెట్టాడు.

"వాంతులు, విరేచనాలు? దెబ్బలు? లేవు. కూర్చోగలరా? తెర కనబడుతుందా? చేతులు బాగానే ఉన్నాయా?"

అన్నీ నిజమే కాబట్టి అన్నింటికీ తలూపింది. తలూపుతూ ఉండగానే తన గొయ్యి తానే తవ్వుకుంటున్నానని అర్థమైంది. గబగబా ఫోన్లో కొట్టి చూపించింది: "నా పని మాట్లాడడం."

"ఇక్కడ కూర్చుని చేసే పని అని ఉందమ్మా." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆవిడ రాసింది తప్పని నేననట్లేదు. కానీ ఈ గళ్ళలో ఏదో ఒకదానిలో నేను టిక్కు పెట్టాలి. జ్వరానికి గడి ఉంది, నడుముకి ఉంది, కంటికి ఉంది. గొంతుకి లేదు. మీలాంటివాళ్ళు నా ముందు ఇప్పటిదాకా ఎవరూ రాలేదు." పనికి పనికొస్తుందని ఉన్నచోట టిక్కు పెట్టి, కాగితం ఆమెకిచ్చి, తలుపు వైపు చూసి తర్వాతివాళ్ళను పిలిచాడు.

ఇంటికొచ్చాక ఆమె అద్దం ముందు నిలబడి నోరు తెరిచి చూసుకుంది. లోపల ఏమీ కనిపించలేదు. నిజంగానే పని చేయలేనా, లేక చేయబుద్ధి కావట్లేదా? తెర మీద ఆ ఎర్రటి వాపు తన కళ్ళతో చూసిన మనిషికే ఆ అనుమానం వచ్చింది. నొప్పయినా ఉంటే బాగుండేది. జ్వరమైనా వచ్చి ఉంటే ఎవరైనా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవారు. ఒంట్లో బాగోలేదని నాలుగు చోట్ల నిరూపించుకోమంటే, అయిదోచోట మనల్ని మనమే నిలదీసుకుంటాం కాబోలు.

"మానేయ్," అన్నాడు భర్త. "ఏమైతే అదవుతుంది."

ఆమె ఫోన్లో కొట్టింది: "మానేస్తే అబద్ధం ఆడినట్టే లెక్క."

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళింది. లీడరు మీటింగులో ఉన్నాడు. పక్క సీట్లవాళ్ళు అప్పటికే ఫోన్లలో ఉన్నారు, చేతులూపారు. ఆమె హెడ్‌సెట్ పెట్టుకుని, కంప్యూటరు తెరిచి, మొదటి కాల్ తీసుకుంది.

"హలో? హలో? ఎవరండీ?" కట్.

రెండో కాల్‌కి గుసగుసగా మాట్లాడబోయింది. గొంతులో ఇసుక పోసి రుద్దినట్టయింది. అవతలివాడు, "ఇదేం ఆఫీసండీ, ఫోనెత్తి ఆవులిస్తున్నారు," అని పెట్టేశాడు. తర్వాతివాళ్ళు ఇంకా ఘాటుగా అన్నారు. ఆమె కళ్ళు చెమర్చాయి. అయినా ఒక్కోటీ తీసుకుంటూనే ఉంది. అంతకన్నా ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఒక ముసలాయన వచ్చాడు లైన్లోకి.

"హలో. ఎవరన్నా ఉన్నారా?" కొంచెం ఆగి, "ఉన్నారులే, ఊపిరి వినపడుతోంది. మాట్లాడలేరా? అవునయితే దేనిమీదన్నా కొట్టండి."

ఆమె గోటితో మైకు మీద ఒకసారి కొట్టింది.

"ఆ. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. సరేనా? ఆడమనిషివేనా తల్లీ?"

ఒకసారి.

"మా ఆవిడ ఆఖర్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు మేమిద్దరం ఇలాగే మాట్లాడుకున్నాం. మంచం పట్టీ మీద కొట్టేది. మాట ఉన్నరోజుల్లో కంటే అప్పుడే పొందిగ్గా మాట్లాడుకున్నామనుకో. సరే, నా గోల వదిలేయ్. పొద్దుటి నుంచి కుళాయిలో నీళ్ళు మట్టిరంగులో వస్తున్నాయి. మా ఇల్లు నీ తెర మీద కనబడుతోందా?"

ఒకసారి.

"మా ఒక్క ఇంటికేనా?"

తెర మీద ఆ వీధి మొత్తం ఎర్రగా ఉంది, అన్ని ఇళ్ళ నుంచీ ఫిర్యాదులే. రెండుసార్లు.

"పైపు పగిలిందా?"

ఒకసారి.

"ఇవాళ బాగవుతుందంటావా?"

ఆమె వేలు ఆగిపోయింది. మరమ్మతువాళ్ళు వెళ్ళారని ఉంది, ఎప్పటికవుతుందో లేదు. తెలీదనడానికి ఎన్నిసార్లు కొట్టాలో వాళ్ళు అనుకోలేదు.

"తెలీదన్నమాట," అన్నాడాయన. "పోనీలే. ఊరికే అవునని కొట్టలేదు, అది చాలు. నేను నీళ్ళు కాచుకుని తాగుతాను. అవునూ, గొంతు బాగోలేనిదానివి, నిన్నెవరు తల్లీ అక్కడ కూర్చోబెట్టింది?" తనే మళ్ళీ, "దీనికి కొట్టడానికి ఏముందిలే. జాగ్రత్తమ్మా," అని పెట్టేశాడు.

ఆమె తల తిప్పితే వెనక లీడరు నిలబడి ఉన్నాడు. మాటలు లేని కాల్స్ వరసగా పడుతుంటే అతని తెర హెచ్చరించిందట. అతనూ తన హెడ్‌సెట్‌లో మొత్తం విన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. వంగి, ఆమె తలమీది హెడ్‌సెట్ తనే తీసి బల్ల మీద పెట్టాడు.

"లే అక్కా. ఇంటికెళ్ళు."

ఆమె డాక్టరు టిక్కు పెట్టిన కాగితం చూపించబోయింది.

"అది నాకివ్వు, నేను చూసుకుంటాను. నువ్వు ముందు లే."

సాయంత్రం అతను వాళ్ళింటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడితే భర్త లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేశాడు. ఆ ముసలాయన కాల్ రికార్డింగు పట్టుకుని కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్ళానని చెప్పాడు.

"ముందు వినలేదక్కా. బయట ఇంతమంది ఉన్నారు, ఇదేంటన్నాడు. ఆవిడ చేసే పని ఇది సార్, ఒక్కసారి వినండి అన్నాను. విన్నాడు. మధ్యలో ఆపమంటాడేమో అనుకున్నా, ఆపలేదు. ఆ పెద్దాయన భార్య సంగతి వచ్చినప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు." జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. గళ్ళు అలాగే ఉన్నాయి. పెట్టిన టిక్కు కొట్టేసి ఉంది. పక్కనున్న ఖాళీలో, వంకరటింకర రాతతో, మాట్లాడకూడదని, పది రోజులు సెలవు ఇవ్వాలని ఉంది.

"మొదటి రోజు మాత్రం ఆబ్సెంటుగానే ఉండిపోయింది. ఎంత అడిగినా మార్చలేదు, నీ నోటితో చెప్పలేదు కదా అంటున్నారు," అన్నాడు.

ఆమె ఫోను తీసుకుని చాలాసేపు ఆలోచించి కొట్టింది: "నువ్వు కూడా నమ్మలేదా?"

అతను చదివి తల దించుకున్నాడు. "నమ్మానక్కా. మీ ఆయన ఫోన్ చేశారని తెలిసినప్పుడే నమ్మాను. కానీ నేను నమ్మితే సరిపోతుందని అనుకోలేదు. నా పైన ఎవరో ఉన్నారు, వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నా. ఇవాళ వింటుంటే తెలిసింది, అందరం అలాగే అనుకుంటున్నాం."

ఆమెకి చెప్పాలనిపించిన మాట ఒకటుంది. గొంతుతో చెప్తే దాంట్లో సగం మందలింపు, సగం చనువు ఉండేది. అక్షరాల్లో పెడితే మందలింపే మిగులుతుంది. అందుకని కొట్టినదాన్ని చెరిపేసి, అతని ముందున్న టీ గ్లాసు వైపు చల్లారిపోతోందన్నట్టు చెయ్యి చూపించింది. అతను తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందనుకుంది. ఉండలేదు. ఆమె మాట్లాడకపోయేసరికి భర్త మొదలుపెట్టాడు. దుకాణానికి వచ్చేవాళ్ళ గురించి, కొత్త కళ్ళజోడు పెట్టుకుని గోడమీది గడియారం చదివి చిన్నపిల్లాడిలా మురిసిపోయిన పెద్దమనిషి గురించి, తన చిన్నప్పటి సంగతుల గురించి. ఇన్నేళ్ళలో వినని కబుర్లు. నేనే అడ్డం పడి ఈయన్ని మాట్లాడనివ్వలేదా అని ఆమెకి ఒకటి రెండుసార్లు అనిపించింది. ఆమె మాత్రం లోపల్లోపల వాదనలు అల్లుకుంటూ ఉండేది. గొంతు వచ్చాక సెలవుల విభాగం అమ్మాయికి చెప్పాల్సినవి, ఆబ్సెంటు మార్చనివాళ్ళను అడగాల్సినవి. ఒక్కోటీ సానబెట్టి పెట్టుకుంది.

గడువు అయ్యాక గొంతు డాక్టరు మళ్ళీ గొట్టం వేసి చూసింది. "వాపు తగ్గింది. కానీ మధ్యలో ఒకరోజు మొండికేశావు కదూ? ఇక్కడ చిన్న కాయలా మిగిలింది. కొంచెం బొంగురు ఉంటుంది. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. ఇవాళ్టి నుంచి మెల్లగా మాట్లాడొచ్చు."

ఆమె ఆ గదిలో మాట్లాడలేదు. ఎందుకో మొదటి మాట అక్కడ ఖర్చు చేయాలనిపించలేదు. దండం పెట్టి బయటికి వచ్చింది. బయట గదిలో భర్త చేతులు కట్టుకుని, కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడు. అల్లిపెట్టుకున్న వాదనలేవీ ఆమెకి గుర్తు రాలేదు.

"ఏవండీ," అంది.

అతను ఉలిక్కిపడి లేచి, పిలిచిందెవరా అని అటూ ఇటూ చూశాడు. ముందు వరసలో కూర్చున్నామె వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఆ గొంతు అతనికి కొత్త. ఆమెకీ కొత్తే, ఎవరో తన వెనక నిలబడి పిలిచినట్టుంది.

"నేనేనండీ," అంది మళ్ళీ.

అతను ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పక్కనున్న ఆమె సంచీ అందుకున్నాడు. "పద మరి," అన్నాడు. "ఎక్కువ మాట్లాడకు."