తోలు గీకే కత్తి

రెండు రోజుల్లో రెండు మేక తోళ్లు చిరిగాయి. రెండుసార్లూ మాణిక్ తప్పంతా కత్తిదే అన్నాడు.

ఝరాసంగం దగ్గరి ఊళ్లో డప్పులు కట్టే మాణిక్ చేతిలో తోలు చిరగడం అతని కూతురు శ్రుతి ఊహ తెలిశాక ఎన్నడూ చూడలేదు. బీదర్ వైపు నుంచి ఒక జట్టు ఎనిమిది డప్పులు కావాలంది. ఏడు తయారయ్యాయి. ఎనిమిదోదానికి మిగిలింది ఒక్క తోలు. సున్నం నీళ్లలో నాని, వెంట్రుకలన్నీ ఊడి, సిద్ధంగా ఉంది. ఈ మే నెల ఎండలకు దాన్ని సాయంత్రంలోగా గీకి, లోపలివైపు అంటుకున్న కండా కొవ్వూ తీసి ఆరగట్టకపోతే కుళ్లిపోతుంది.

"కత్తి పనికిరాకుంట అయింది. జహీరాబాద్ పోయి కొత్తది పట్టుకొస్త," అన్నాడు మాణిక్ పొద్దున్నే చొక్కా తొడుక్కుంటూ.

"నేను గూడ వస్త నాయినా."

"నువ్వెందుకు?"

"కాలేజీ లేదు గద. ఇంట్ల ఉండి ఏం జేస్త?"

అసలు కారణం అది కాదు. తండ్రి చూడనప్పుడు శ్రుతి పాత కత్తి అంచు మీద గోరు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లాగి చూసింది. గోరు ఎక్కడా పట్టుకోలేదు. కత్తిలో ఏ లోపమూ లేదు.

ఆటోలో పదిమంది ఇరుక్కుని కూర్చున్నారు.

బస్టాండు వెనక సందులో మంజునాథ్ కొలిమి. లారీల కింద విరిగిన కమాన్ పట్టీలు కొట్టి కొడవళ్లు, గొడ్డళ్లు, తోలు కత్తులు చేస్తాడు. మాణిక్‌ను చూడగానే పీట జరిపాడు.

"రా తమ్మీ. మూడున్నయి, చూస్కో."

మూడు కత్తులూ మూర పొడుగున్నాయి. రెండు చివర్లా రెండు పిడులు. ఒకటి కమాన్ పట్టీది, నల్లగా, కొద్దిగా వంపు తిరిగి ఉంది. రెండోది అలాంటిదే గానీ మరీ మందం. మూడోది మంజునాథ్ చేసింది కాదు, హైదరాబాద్ నుంచి తెప్పించి పెట్టాడు. అద్దంలా మెరుస్తోంది.

మాణిక్ తిన్నగా ఆ మెరిసేదాన్నే అందుకున్నాడు.

"ఇది మస్తు పదునుంది," అన్నాడు.

శ్రుతికి అర్థం కాలేదు. తోలు గీకే కత్తికి పదును శత్రువని చిన్నప్పటి నుంచి చెప్పింది ఆయనే. పదునున్న కత్తి కొవ్వునూ కోస్తుంది, తోలునూ కోస్తుంది. గీకే కత్తి కోయకూడదు, కొవ్వును ముందుకు తోసుకుంటూ పోవాలి. ఎంత ఒత్తాలో కత్తి చెప్పదు, చెయ్యి చెప్పాలి.

"నాయినా, గది కోస్తది."

"నాకు చెప్తవా నువ్వు? పదునుంటే ఒత్తే పని లేదు. దానంతట అదే పోతది."

మాణిక్ కత్తి రెండు కొనలూ పట్టుకుని ఎండకెత్తి, ఒక కన్ను మూసి అంచు చూశాడు. తిప్పాడు. మళ్లీ చూశాడు. ఈ ఉక్కు మంచిదని, మడత పడదని మంజునాథ్‌తో చెబుతూనే ఉన్నాడు. పీట మీద ఒక ఎర్రటి చుక్క పడింది. తర్వాత మరొకటి. కత్తి కొన దగ్గర మూల పదునుగా ఉంది. అది అతని చిటికెన వేలి మొదట్లోకి దిగింది. రక్తం మణికట్టు దాకా కారి చొక్కా చెయ్యిని తడుపుతోంది.

మాణిక్ మాట్లాడుతూనే ఉన్నాడు.

మంజునాథ్ కొలిమి తిత్తి ఊదడం ఆపేశాడు. "తమ్మీ, చెయ్యి."

మాణిక్ కిందికి చూశాడు. అతని ముఖంలో నొప్పి లేదు. దొరికిపోయినవాడి భయం ఉంది. కత్తి వదిలేసి చేతిని చంకలో దాచుకున్నాడు.

"ఏం కాలే. జర గీసుకపోయింది."

"నొస్తలేదా నాయినా?"

"నొస్తుంది."

"అబద్ధం."

శ్రుతి ఆ చెయ్యి లాగి చొక్కా పైకి తోసింది. మోచేతి కింద రూపాయి బిళ్లకు రెండింతల మచ్చ. చుట్టూ ఉన్న నలుపు మధ్య వెలిసిపోయి, ఎర్రబారి ఉంది. ఆమె దాన్ని గిల్లింది. గట్టిగా గిల్లింది. మాణిక్ కదలలేదు.

అతను చెయ్యి విదిలించుకుని సందులోంచి బయటికి నడిచాడు. శ్రుతి వెనకే పరుగెత్తింది. హైవే పక్కన, లారీలు దుమ్ము లేపుతున్న చోట అందుకుని, చున్నీ కొంగు చింపి వేలికి చుట్టింది.

"ఎప్పటి సంది?"

మాణిక్ కట్టు కట్టిన వేలు చూసుకున్నాడు. "పోయిన దసరా సంది. ముందు చిటికెన వేలు, అటెన్క పక్క వేలు. వేడి తెల్వది, సల్ల తెల్వది."

"దవాఖానకు ఎందుకు పోలే?"

"ఏం రోగమో నాకు ఎరికే." మాణిక్ గొంతు తగ్గించాడు. "మా పెద్దనాయినకు గిట్లనే మచ్చలొచ్చినయి. చేనుకాడ గుడిసేసి అండ్ల ఉంచిన్రు. గిన్నె దూరం పెట్టి వచ్చేటోళ్లు. నేనే పెట్టొచ్చిన, ఎన్నిసార్లో. ఊర్ల తెలిస్తే మన డప్పు ఎవలు ముట్టుకుంటరు? నీకు సంబంధం ఎవలు ఇస్తరు?"

"నడువు. ఇప్పుడే దవాఖానకు పోదాం."

"తోలు పోతది."

"పోనీ!"

"ఏడు డప్పులు ఇచ్చి ఎనిమిదోది చింపినం అని చెప్పాల్నా? నా చెయ్యి పోయిందని ఆళ్లకు గూడ ఎరుకైతది." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి ఏడవడం ఆమె అంతకు ముందు చూడలేదు.

శ్రుతి వేలి కట్టుకు ఇంకో ముడి వేసి బిగించింది.

"అయితే ఇను. కత్తి నేను చూస్త. తోలు నేను గీకుత. రేపు పొద్దుగాల నువ్వు నాతోని దవాఖానకు వస్తవ్. ఒప్పుకుంటేనే కొలిమికాడికి పోత."

ఆమె అప్పటిదాకా మెడ ముక్కలు, కాళ్ల ముక్కలు గీకింది తప్ప నిండు తోలు ఎప్పుడూ ముట్టలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మాణిక్ లారీల వైపు చూస్తూ తలూపాడు.

శ్రుతి ఒక్కతే కొలిమికి తిరిగొచ్చింది. ఇంట్లోని పాత కత్తి తండ్రి చేతి బలానికి తగిన బరువుది, ఆమెకు తేలికది కావాలి. మెరిసే కత్తిని పక్కకు నెట్టింది. మందం కత్తి ఎత్తి చూస్తే సగం తోలుకే భుజాలు పడిపోయేలా ఉంది. వంపు కత్తి పట్టుకుని రెండు పిడులూ తనవైపు లాగింది. కొద్దిగా వంగి, మళ్లీ తిన్నగా అయింది. దాని వంపును తన తొడ మీద ఆనించి చూసింది. ఇంట్లో తోలు పరిచే దుంగ ఇంచుమించు అంతే గుండ్రం. అంచు మీద గోరు పెట్టి లాగింది. రెండు చోట్ల పట్టింది.

"మంజన్నా, ఈడ, ఈడ గరుకుంది. తియ్యాలె. మూలలు గుండ్రంగ చెయ్యాలె. పదును పెట్టకు."

మంజునాథ్ ఎవరికోసమని అడగలేదు. ఆకురాయితో మూలలు అరగదీసి, అంచు నున్న చేసి ఇచ్చాడు. మళ్లీ గోరు పెట్టి చూసింది. జారిపోయింది.

"నువ్వు చూసింది..." అని ఆగిపోయింది.

"నేనేం చూడలే బిడ్డా. జల్ది పో, ఎండెక్కుతుంది."

ఇల్లు చేరేసరికి మిట్ట మధ్యాహ్నం. తల్లి బస్వమ్మ చేనుకు పోయింది. శ్రుతి తోలు కడిగి దుంగ మీద పరిచింది. కట్టున్న చేతితో మాణిక్ వెనక కూర్చున్నాడు.

ఊపిరి బిగబట్టి మొదటి తోపు తోసింది.

"కొయ్యకు, నూకు," అన్నాడు. "ఊపిరి బిగవట్టకు."

వెన్ను భాగం తేలికగా పోయింది. తెల్లటి కొవ్వు ముద్దలు ముద్దలుగా కత్తి ముందు జారింది. పొట్ట దగ్గరికి వచ్చాక ఆగింది. అక్కడ తోలు కాగితంలా ఉంటుంది. చిరిగిన రెండూ అక్కడే చిరిగాయి. చెమట కళ్లలోకి కారుతోంది. మెల్లగా నూకింది. కత్తి దేనికో తట్టుకుని నిలిచిపోయింది.

"ఆగు!" మాణిక్ లేచి చెయ్యి చాచాడు. తోలును తాకబోయి, కట్టు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. "ఏం తెలుస్తుంది చేతికి?"

"ఏమో... గట్టిగుంది."

"ఎట్ల గట్టిగ? ఎముక లెక్కనా, గింజ లెక్కనా?"

శ్రుతి కళ్లు మూసుకుని వేలితో తడిమింది. "గింజ లెక్క. కదుల్తలేదు. చుట్టూ పల్చగుంది."

"ముల్లు గుచ్చుకున్న పాత పుండు. మీదికెల్లి పోకు. కత్తి పండవెట్టి పక్కలకెల్లి రా. చిన్నగ, చిన్నగ."

ఆమె కత్తిని దాదాపు పడుకోబెట్టింది. ఒక పక్క. ఇంకో పక్క. గింజ చుట్టూ ఉన్న పొర లేచింది. మూడోసారి నూకితే పొరంతా ఒక్క ముక్కగా వచ్చేసింది. తోలు చిరిగిందో లేదో చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఇద్దరూ చెరో కొస పట్టి ఎండకెత్తారు. వెలుతురు తోలంతా పసుప్పచ్చగా పరుచుకుంది. ఎక్కడా చిల్లు లేదు. మాణిక్ మేకులు తెచ్చి ఇచ్చాడు, ఆరగట్టమని.

మర్నాడు దవాఖానలో డాక్టరమ్మ అతన్ని కళ్లు మూసుకోమని, దూది కొసతో తాకుతూ ఎక్కడ తగిలిందో చెప్పమంది. నాలుగు చోట్ల మాణిక్ ఏమీ చెప్పలేకపోయాడు. శ్రుతి గోడవైపు తిరిగింది.

"కుష్టే. భయపడకు, మందులున్నయి. ఏడాది వేసుకోవాలి, ఊరికే ఇస్తాం. మందు మొదలైతే ఇంకొకరికి అంటదు. వేళ్లకు స్పర్శ తిరిగొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇంకో ఏడాది దాచి ఉంటే వేళ్లు వంకరపోయేవి." మొదటి మోతాదు అక్కడే మింగించింది. ఇంట్లో అందరూ వచ్చి చూపించుకోవాలని చెప్పింది.

ఆ చివరి మాటతో మాణిక్‌కు దాచే దారి లేకుండా పోయింది. ఇంటికొచ్చి గడపలోనే నిలబడి, రొట్టె కొడుతున్న బస్వమ్మకు అంతా చెప్పాడు.

బస్వమ్మ చేతిలోని పిండి కింద పడేసింది. "దసరా సంది పక్కనే ఉన్న. నాతోని చెప్పనీకి నోరు రాలేదా నీకు? నేనేమన్న ఊరిదాన్నా?" అని అరిచింది. పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. పెనం మీది రొట్టె మాడిపోయింది. దాన్ని తీసి అవతల పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది:

"గోళీలు ఏసుకునేది తినకముందా, తిన్నంకనా?"

"తిన్నంక," అన్నాడు మాణిక్.

"కూసో మరి," అని ఆమె ఇంకో రొట్టె కొట్టడం మొదలుపెట్టింది.