ఫిరంగి ఆగిన అర నిమిషం

ఆ కంప్యూటరు ఆటలో యుద్ధనౌక మీది పెద్ద ఫిరంగి పేలడానికి అర నిమిషం ఎందుకు పట్టేదో, దాని అసలు చరిత్ర చాలా చిన్నది. అంకెలు చూసే ఆయన ఒక సున్నా ఎక్కువ కొట్టాడు. మీట నొక్కిన మూడు సెకన్లకు పేలాల్సింది ముప్పై సెకన్లకు పేలింది. అప్పట్నుంచీ ఆఫీసులో ఆయన పేరు సున్నాబాబు.

ఆట అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది. తప్పు ఒప్పుకుంటే పరువు తక్కువ. చేతులు కాలాక ఆకులు వెతుక్కుంటూ అందరూ కథల అక్క దగ్గరికి వచ్చారు. ఆటలోని ఓడలకూ గ్రహాలకూ పుట్టుపూర్వోత్తరాలు రాయడం ఆవిడ ఉద్యోగం. ఎవరు ఎక్కడ చిల్లి పొడిచినా మాసిక వెయ్యాల్సింది ఆవిడే.

అక్క వేసింది. ఆ ఓడ మొదటి ఫిరంగివాడు మీట నొక్కేముందు అర నిమిషం ఆగేవాడని రాసింది. ఎదుటి ఓడ లొంగిపోతున్నట్టు తెల్లదీపం వెలిగిస్తుందేమోనని అతని ఆశ. ఒకసారి నిజంగానే వెలిగింది, ఆ ఓడలో వాళ్లంతా బతికారు. అందుకే అతని తర్వాత వచ్చిన వాళ్లూ ఆగుతారు.

ఆ ఫిరంగివాణ్ణి ఆవిడ పెద్దగా కల్పించలేదు. వాళ్ల నాన్న వయసులో ఉండగా యుద్ధనౌక మీద ఫిరంగి దగ్గర పనిచేశాడు. ఇంట్లో ఏమడిగినా కాసేపు ఆగి గానీ బదులివ్వడు. అది ఓడ మీద వచ్చిన అలవాటనీ, తొందరపడి ఎవరి ప్రాణమూ తీసి ఉండడనీ చిన్నప్పట్నుంచీ ఆవిడ నమ్మకం.

ఆడేవాళ్లూ నమ్మారు. తెల్లదీపం కనబడితే చాలు, శత్రువును వదిలేయడం మొదలుపెట్టారు. యుద్ధం ఆటలో జనం చావడం మానేస్తే వ్యాపారమేం కాను? పెద్దసారు అక్కను పిలిచాడు.

"అక్కా, ఆ సున్నా తీసేస్తున్నాం. ఫిరంగి ఇక ఆగదు. ఎందుకాగదో రేపటికి నాలుగు ముక్కలు రాసివ్వండి."

"ఆ ఫిరంగివాడు అలాంటివాడు కాదండీ."

"ఏ ఫిరంగివాడక్కా? అది నా సున్నా కదా," అన్నాడు పక్కనే ఉన్న సున్నాబాబు, పాపం, ఓదార్పుగానే.

తను రాయనంటే ఇంకెవరికో ఇస్తారు. వాళ్లు అతణ్ణి పిరికివాణ్ణో ద్రోహినో చేసి చేతులు దులుపుకుంటారు. అంతకంటే తనే గౌరవంగా సాగనంపడం మేలనుకుంటూ, లాగేస్తున్న మెడతో ఇల్లు చేరింది. ఏళ్లుగా ఆఫీసులో అందరి తప్పులకూ కథలు అల్లి ఆవిడకు విసుగు పుట్టింది. ఆ రోజు ఒక్క వాక్యం కూడా కుదిరి చావలేదు.

నాన్న బల్ల దగ్గర ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు. ఎన్నడూ లేనిది, ఆవిడ ఆ చరిత్రంతా ఆయనకు చదివి వినిపించింది.

"బావుంది. ఎవరమ్మా ఈ ఆగేవాడు?" అన్నాడు.

"నువ్వే నాన్నా."

ఆయన చేతిలోని చొక్కా మడతపెట్టాడు. విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"నేను ఆగలేదమ్మా. అవతలివాళ్లు తెల్లగుడ్డ ఊపారు. నాకు కనబడుతూనే ఉంది. చూస్తూనే నొక్కాను."

ఆవిడ కంప్యూటరు పక్కకు జరిపింది.

"ఈ ఆగడమంతా ఆ తర్వాత వచ్చింది. నీళ్లు కావాలా అని నువ్వడిగినా, ఊ అనడానికి భయమేస్తుంది," అన్నాడు.

ఆవిడకు కోపం రాలేదు. ఇన్నేళ్లూ ఈయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను, ఒక్కసారైనా అడిగానా అని మాత్రం సిగ్గేసింది. కంప్యూటరు దగ్గరికి లాక్కుని, పాతదంతా చెరిపేసి కొత్తగా రాసింది. దాన్నీ ఆయనకు చదివి వినిపించింది.

"ఆ ఓడ ఫిరంగివాడు ఎప్పుడూ ఆగలేదు. ఆగాడని అతని కూతురు అందరికీ చెప్పింది."

నాన్న మిగిలిన బట్టలన్నీ మడతపెట్టాడు.

"కూతురి మాట తీసెయ్యమ్మా," అన్నాడు చివరికి. "దానికేం తెలుసని."

ఆవిడ తీసేసింది. ఇక ఒక్క వాక్యమే మిగిలింది.